వీపు నేలకు ఆనితేనే విడుదల

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఆడవాళ్ల పేజీలో వచ్చిన ఆత్మరక్షణ వ్యాసం గురించి ఈ ఉత్తరం. వెనక నుంచి ఎవరైనా పట్టుకుంటే ఏం చేయాలో నాలుగు ఫొటోలు వేసి చూపించారు. మొదటి ఫొటోలో ఒకాయన ఓ అమ్మాయి మెడ చుట్టూ చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ వేయడం ఎలా ఉందంటే పెళ్లిలో గ్రూప్ ఫొటోకి పక్కవాడి భుజం మీద వేసినట్టుంది. రెండో ఫొటోలో అమ్మాయి మోచేత్తో అతని డొక్కలో పొడిచింది. మూడో దాంట్లో మడమతో పాదం తొక్కింది. నాలుగో దాంట్లో ఆయన నేల మీద, అమ్మాయి మొహంలో నవ్వు. దాని కింద లావు అక్షరాల్లో ‘ఎదుటివాడి బరువుతో పని లేదు’ అని రాశారు.

ఫొటోల మీద నాకు అంత కోపం లేదండీ. ఆ కింద రాసిన మాట మీదే.

ముందు నేనెవరో చెప్పాలి కదా. నాకు 39 ఏళ్లు, బరువు 53 కిలోలు, అది కూడా భోజనం చేశాక. బెంగళూరు చిక్‌పేటలో ఒక చీరల హోల్‌సేల్ కొట్లో లెక్కలు చూస్తాను, ఇల్లు రాజాజీనగర్‌లో. సొంతూరు హిందూపురం పక్కన ఒక పల్లె. రెండేళ్లుగా వారానికి మూడు సాయంత్రాలు కొట్టు నుంచి నేరుగా మెట్రో ఎక్కి జిమ్‌కి వెళ్లి బ్రెజిలియన్ జియుజిట్సు నేర్చుకుంటున్నాను. గుద్దులూ తన్నులూ ఉండవు, పట్లే. మన కుస్తీకి దూరపు చుట్టం అనుకోండి, కాకపోతే ఇందులో పడిపోవడంతో ఆట అయిపోదు, అక్కడే మొదలవుతుంది. మా జిమ్‌లో ఆడవాళ్లం ముగ్గురమే, ఆ మిగతా ఇద్దరూ కూడా రోజూ రారు, కాబట్టి నాకు దొరికే జోడీ ఎక్కువగా ఒక మాండ్య కుర్రాడు. 98 కిలోలు. మంచి పిల్లాడు, నన్ను అక్కా అంటాడు, అక్కా అంటూనే మెడ పట్టుకుంటాడు.

సోమవారం సాయంత్రం మీ పేజీ చింపి బ్యాగులో పెట్టుకెళ్లాను. అతనికి చూపించి, పట్టు, ఈ ఫొటోల్లో ఉన్నట్టే చేస్తాను అన్నాను. మ్యాట్ మీద కూర్చుని నా వెనక చేరాడు. సరిగ్గా పట్టేవాడు ఎలా పడతాడో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మీ ఫొటోలో లేనిది అదే. అతని ఛాతీ నా వీపుకి అంటుకుపోయింది, మధ్యలో కాగితం కూడా దూరదు. ఒక చెయ్యి నా కుడి భుజం మీదుగా మెడ పక్క నుంచి కిందికి వచ్చింది, రెండోది నా ఎడమ చంక కింద నుంచి వచ్చింది, రెండు చేతులూ నా గుండెల మీద కలిశాయి. కారులో బెల్ట్ లాగా ఉంటుందని దీన్ని సీట్‌బెల్ట్ అంటారు. రెండు కాళ్లూ నా నడుము చుట్టూ తెచ్చి మడమలు నా తొడల లోపలి వైపు కొక్కేల్లా తగిలించాడు, వాటిని హుక్స్ అంటాం. మొత్తం కలిపి బ్యాక్ కంట్రోల్.

ఇప్పుడు మోచేత్తో పొడవాలి. ఎక్కడ పొడవను? మోచెయ్యి వెనక్కి ఊగాలంటే జాగా కావాలి, అతని డొక్కలు నా వీపుకే ఆని ఉన్నాయి. పోనీ పాదం తొక్కుదామా అంటే అతని పాదాలు నేల మీద లేవు, నా తొడల మధ్య ఉన్నాయి. అయినా మీ వ్యాసం మీద గౌరవం కొద్దీ నాలుగైదు సార్లు మోచెయ్యి ఆడించాను. అతను నవ్వి ‘ముగిసిందా అక్కా’ అన్నట్టు చూసి మెడ కింద చెయ్యి దూర్చాడు. ట్యాప్ చేశాను, అంటే ఓడిపోయాను వదిలెయ్ అని చేత్తో తట్టాను. మీ పేజీ మడిచి మళ్లీ బ్యాగులో పెట్టుకున్నాను.

ఈ మెడ పట్టు సంగతి ఒక్క మాట. చాలామంది ఊపిరి ఆగిపోతుందనుకుంటారు. గొంతు నలిగితే నొప్పీ దగ్గూ వస్తాయి నిజమే, కానీ సరిగ్గా పడితే అది ఊపిరి సంగతి కాదు, మెడకి రెండు పక్కలా మెదడుకి నెత్తురు తీసుకెళ్లే నాళాలు మూసుకుపోవడం. నొప్పి పెద్దగా ఉండదు. చెవుల్లో హోరు, చూపు అంచుల నుంచి చీకటి, అంతే, పది సెకన్లు అటూ ఇటూగా మనిషి స్పృహ తప్పుతాడు. వెంటనే వదిలేస్తే లేచి కూర్చుంటాడు, వదలకపోతే ప్రాణం మీదికే వస్తుంది. జూడోలో దీన్ని హడాకా జిమే అంటారు, బట్ట సాయం అక్కర్లేని పట్టు అని. బ్రెజిల్ వాళ్లు సింహాన్ని చంపే పట్టు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అంటే మీ ఫొటోలోని అమ్మాయికి మోచెయ్యి గురి చూసుకునే తీరిక ఉండదు. ఆ పది సెకన్లలో రెండు మూడు ఆశ్చర్యపోవడానికే పోతాయి.

బరువుతో పని లేదన్నారు. 2024 ఆగస్టులో పారిస్‌లో వినేశ్ ఫోగట్‌ని 50 కిలోల ఫైనల్ రోజు పొద్దున ఎందుకు పక్కన పెట్టారో మీ పేపర్‌లోనే మొదటి పేజీలో చదివాం. 100 గ్రాములు. అంత గొప్ప మల్లురాలికి 100 గ్రాములు ఎక్కువైతే ఒప్పుకోని ఆట అది, అలాంటిది 45 కిలోల తేడా ఉన్న నాకు పని లేదని చెబుతారా? జియుజిట్సు పోటీల్లోనూ బరువుని బట్టే వర్గాలు వేస్తారు, ఊరికే కాదు. జూడో మొదలుపెట్టిన జిగోరో కానో చిన్న మనిషే, 1882లో కొడోకాన్ అనే జూడో బడి పెట్టి మెత్తదనంతో బలాన్ని గెలవొచ్చని నేర్పాడు. బాగుంది. కానీ 1964లో జూడో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు, అదీ టోక్యోలో, బరువు పరిమితి లేని విభాగంలో జపాన్ ఆటగాడు కమినాగాని పడుకోబెట్టి గెలిచింది ఆరున్నర అడుగుల డచ్చి మనిషి ఆంటన్ గీసింక్. అతనికీ టెక్నిక్ వచ్చు మరి. పెద్దవాడికి టెక్నిక్ రాదని మనకెవరు చెప్పారు?

1993లో అమెరికాలో మొదటి యూఎఫ్‌సీ పోటీలో, అంటే రకరకాల పోరు విద్యలవాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీలో, 80 కిలోల జియుజిట్సు ఆటగాడు రాయిస్ గ్రేసీ అందర్నీ దాటుకుంటూ వెళ్లి ఫైనల్లో గెరార్డ్ గోర్డోని ఇదే మెడ పట్టుతో ఓడించాడు, అప్పట్నుంచీ చిన్నవాడు పెద్దవాణ్ణి గెలిచే విద్య అని దీనికి పేరొచ్చింది. కానీ గమనించండి, అక్కడ చిన్నవాడు పెద్దవాడి వెనక్కి చేరాడు. నా సమస్య దానికి తలకిందులు. పెద్దవాడు నా వెనక్కి చేరాడు. దీని మీద ఎవరూ ఫొటోలు వేయరు, ఎందుకంటే చూడ్డానికి బాగుండదు. చెమట, పెనుగులాట, జుట్టు నోట్లోకి రావడం, చివర్లో మనం గెలవం కూడా, బయటపడతాం అంతే.

ఇప్పుడు మా జేజినాయన సంగతి చెప్పాలి. ఆయన వయసులో ఉన్నప్పుడు గరిడీలో సాము చేసేవాడు, జాతరలకి కుస్తీ పట్టేవాడు, మా పల్లెలో ఇప్పటికీ ముసలివాళ్లకి గుర్తే. చిన్నప్పుడు అరుగు మీద మా అన్నకీ నాకూ పట్లు చూపిస్తూ ఒకటే మాట అనేవాడు, ‘వీపు మన్నుకు తగలనీకు పాపా, బోర్లా పడినా ఏం గాదు.’ కుస్తీలో అది ముమ్మాటికీ నిజం, రెండు భుజాలూ నేలకి ఆనాయంటే చిత్, ఆట అయిపోయింది. అందుకే కుస్తీ తెలిసినవాడు కింద పడబోతే పిల్లిలా తిరిగి బోర్లా పడతాడు. ఆ మాట నా ఒంట్లో ఎంత లోతుకి వెళ్లిందో నాకు ముప్పై ఏళ్ల తర్వాత మ్యాట్ మీద తెలిసింది. మాండ్య అబ్బాయి వెనక చేరగానే నా ఒళ్లు దానంతటదే బోర్లా తిరిగేది. మొదటి ఆరు నెలలూ ఇదే కథ. బోర్లా తిరగ్గానే 98 కిలోలూ నా వీపు మీద, కడుపు నేలకి అతుక్కుని, చేతులు ఛాతీ కింద ఇరుక్కుని, ఊపిరికి చోటు లేక. మెడ పట్టక ముందే ట్యాప్ చేసిన రోజులున్నాయి, బరువుకే.

మా కోచ్ ఒకరోజు ఆట ఆపి ఒక ప్రశ్న అడిగాడు. అతను నీ వెనక కూర్చున్నప్పుడు అతని బరువు ఎక్కడుంది? నేను ఆలోచించలేదు అంతవరకూ. కూర్చుని వెనక నుంచి పట్టినప్పుడు అతని బరువు నేల మీద ఉంది, పైగా నేనే అతని మీద ఆనుకుని ఉన్నాను. అంటే నా 53 కిలోలు అతని మీద పడుతున్నాయి తప్ప అతని 98 నా మీద లేవు. అతని చేతుల బలం ఉంది, కాళ్ల పొడుగు ఉంది, సరే, కానీ బరువు మాత్రం ఆ ఒక్క చోట అతనికి పనికి రాదు. ఎప్పుడు పనికొస్తుంది? నేను బోర్లా తిరిగినప్పుడు. బరువు వాడుకునే అవకాశం నేనే చేతులారా ఇస్తున్నాను, జేజినాయన మాట విని.

నాకు ఆ రోజు ఇంటికి వచ్చాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మా భాషలో వెన్ను చూపడం అంటే ఓడిపోవడం, పారిపోవడం. కుస్తీలో వీపు ఆనడం ఓటమి. ఈ ఆటలో వెనక నుంచి పట్టుకున్నవాడి నుంచి బయటపడాలంటే చేయాల్సిందల్లా ఒకటే, రెండు భుజాలూ నేలకి ఆనించడం. నా వీపుకీ అతని ఛాతీకీ మధ్య నేల వస్తే ఇక అతను నా వెనక లేడు. ఎంత బరువున్నవాడైనా నేల లోపలికి దూరి మెడ పట్టలేడు కదా. జేజినాయన బతికుంటే ఒప్పుకునేవాడు కాదు, ఒప్పుకోకపోయినా ఒకసారి పట్టి చూసేవాడు.

సరే, ఎలా ఆనించాలి. మీ ఫొటోలకి బదులు ఇది వేయండి అని కాదు, పేపర్‌లో చదివి ఎవరికీ రాదు, కానీ దేని తర్వాత ఏది చేయాలో అయినా జనానికి సరిగ్గా తెలియాలి. మొదట మెడ. నడుము గురించీ కాళ్ల గురించీ తర్వాత ఆలోచించొచ్చు, కాళ్లతో ఎవరూ నన్ను స్పృహ తప్పించరు. గడ్డం దించి ఛాతీకి ఆనించమని అందరూ చెబుతారు, మంచిదే, కానీ అది తలుపు గడియ కాదు, తలుపుకి అడ్డం పెట్టిన కుర్చీ లాంటిది, కాసేపు ఆపుతుంది. పెద్దవాడు గడ్డం మీదే ముంజేయి వేసి నొక్కితే దవడ నొప్పికి మనమే గడ్డం ఎత్తుతాం. అసలు కాపు చేతులు. భుజం మీదుగా వచ్చిన చెయ్యి ఉందే, అదే మెడ పట్టే చెయ్యి, దాని మణికట్టుని నా రెండు చేతులతో పట్టుకోవాలి. ఇక్కడ లెక్క చూడండి, నేను లెక్కల మనిషిని కాబట్టి నాకు ఇదే నచ్చింది. అతని ఒక్క చెయ్యి నా ఒక్క చెయ్యి కంటే బలమైనదే, కానీ నా రెండు చేతులూ, నా మోచేతులు నా డొక్కలకి ఆనించుకుని, అతని ఒక్క చేతి మీద పడితే లెక్క మారుతుంది. మొత్తం మనిషితో తూగలేను, చేతి వరకూ తూగగలను. పక్కకి లాగకూడదు, గుడిలో గంట తాడు లాగినట్టు కిందికి, నా ఛాతీ వైపుకి.

కొత్తవాళ్లు ఇక్కడే రెండు చేతుల్నీ చెరో దానికి పంచుతారు. నేనూ పంచేదాన్ని. చంక కింద నుంచి వచ్చిన చెయ్యి చికాకుగా ఉంటుంది కాబట్టి దాన్ని పీకేద్దామనిపిస్తుంది, ఈలోగా పైచెయ్యి తన పని తాను చేసుకుంటుంది. చికాకు వేరు, ప్రమాదం వేరు. కొట్లో అప్పులవాళ్లు కూడా ఇంతే, గట్టిగా అరిచేవాడి సంగతి ముందు చూస్తాం, మెల్లగా నోటీసు పంపేవాడే ముంచుతాడు.

తర్వాత ఏ పక్కకి ఒరగాలి అన్నది. అతని చెయ్యి నా కుడి భుజం మీదుగా వచ్చిందనుకోండి, నేను ఎడమకి ఒరగాలి, అంటే చంక కింద చెయ్యి ఉన్న వైపుకి. కుడికి ఒరిగితే నా తల అతని చేతికీ భుజానికీ మధ్య ఇంకా బిగుసుకుంటుంది. ఎడమకి ఒరిగితే ఆ పైచేతి సందులోంచి తల తీసుకునే దారి ఉంటుంది. తెలిసిన వాళ్లయితే మనల్ని కావాలనే కుడికి పడేస్తారు, అందుకే ఎవరు ముందు ఒరుగుతారు అన్నదాని మీదే చాలాసార్లు ఆట తేలిపోతుంది. ఈ ఒక్క సంగతి నాకు ఎక్కడానికి మూడు నెలలు పట్టింది. కంగారులో ఎడమా కుడీ గుర్తుండవు, అందుకని నేను మనసులో ‘చంక, చంక’ అనుకుంటాను. పక్కన వినేవాళ్లకి విచిత్రంగా ఉంటుంది, ఎందుకంటే అప్పుడప్పుడు పైకే అనేస్తాను.

ఒరిగాక జారాలి. పాదాలు నేలకి తన్ని నడుము కొంచెం లేపి, అతని ఛాతీ మీద నుంచి కిందికి, కాళ్ల వైపుకి జారడం. వానాకాలం ఊళ్లో చెరువు గట్టు మీద నుంచి జారేవాళ్లం చూడండి, అలా. ఇక్కడ చాలామంది, ముఖ్యంగా మగపిల్లలు, వంతెనలా నడుము ఎత్తి వెనకున్న మనిషిని కూడా లేపేద్దామని చూస్తారు. సమాన బరువైతే జరగొచ్చు. నేను 98 కిలోలు లేపితే మా ఆయన నన్ను మెట్రో పిల్లర్ల పనికి పంపిస్తాడు. లారీకి అడ్డం పడ్డప్పుడు లారీని తోయం, మనమే పక్కకి జరుగుతాం. పెద్దవాడితో ఎప్పుడూ ఇదే, అతన్ని కదిలించే ఆలోచన వచ్చిందంటే తప్పు దారిలో ఉన్నట్టే.

జారినప్పుడు ఎడమ భుజం ముందు నేలకి తగులుతుంది, తర్వాత కుడిది. ఇప్పుడు కింద పక్కనున్న కొక్కెం తీయాలి, నా ఎడమ తొడకి తగిలించిన మడమ. నా కాలు చాపి, చేత్తో సాయం చేసి, నడుముని దాని మీద నుంచి అవతలికి దాటిస్తే అది దానంతటదే జారిపోతుంది. పై కొక్కెం ఇంకా ఉంటుంది, అసలు గండం అప్పుడే. ఎందుకంటే బరువున్నవాడు వెనక పట్టు పోతోందని తెలియగానే ఆ పైకాలు విసిరి నా పొట్ట మీదికి ఎక్కి కూర్చుంటాడు, దాన్ని మౌంట్ అంటారు, పోటీల్లో దానికీ వెనక పట్టుకీ ఒకే విలువ, చెరో 4 పాయింట్లు. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టు. నాకైతే మౌంట్ ఇంకా అన్యాయం, అక్కడ 98 కిలోలూ పనికొస్తాయి. కాబట్టి వీపు ఆనిందని సంబరపడకుండా వెంటనే మోచెయ్యి అతని మోకాలికి అడ్డం పెట్టి, ఆ కాలిని నా రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని, అతని వైపుకి తిరగాలి. అతని వైపుకే. అవతలికి తిరిగితే మళ్లీ వీపు ఇచ్చినట్టే, మొదటికి వచ్చాం.

ఇదంతా రాయడానికి ఇంత పట్టింది గానీ అక్కడ ఏడెనిమిది సెకన్ల పని. కుదిరితే. పదిసార్లలో నాకు నాలుగుసార్లు కుదురుతుందేమో, మాండ్య అబ్బాయి అలసిపోయిన రోజు అయిదు. ముందే పసిగడితే, అంటే ఒక్క కొక్కెమే తగిలించి రెండోది ఇంకా వేయకముందే కదిలితే, ఇంకా ఎక్కువ. రెండూ పడ్డాక ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ఇంకో మంచి సమయం, అతను మెడ బిగించడానికి చంక కింద చేతిని వదిలి నా తల వెనక్కి తీసుకెళ్లేటప్పుడు. ఒక్క క్షణం సీట్‌బెల్ట్ ఉండదు. భయం వేసేది ఆ క్షణంలోనే, దారి దొరికేదీ అప్పుడే, అందుకే దాన్ని వాడుకోవడం కష్టం.

పొడుగు కాళ్లవాళ్లు కొక్కేలు మానేసి నడుము చుట్టూ ఒక కాలు వేసి రెండో మోకాలి మడతలో పాదం బిగిస్తారు, బాడీ ట్రయాంగిల్. దాని గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి. ఒకటి మాత్రం చెబుతా, అందులో డొక్కలు నలిగి ఊపిరి వదిలిన ప్రతిసారీ ఇంకొంచెం బిగుసుకుంటుంది, పొట్ట మీద నొప్పికి చేతులు అటు వెళ్తాయి, వెళ్లకూడదు. చేతులు మెడ దగ్గరే. ఇక కొత్తవాళ్లు ఉత్సాహంలో రెండు పాదాలూ ముందుకి తెచ్చి చీలమండల దగ్గర మెలేస్తారు, అది చూస్తే నాకు పండగ. ఆ మెలిక మీద నా కాలు వేసి నడుము ముందుకి చాపితే వాళ్ల చీలమండే పట్టులో పడుతుంది. పోయిన నెల ఒక ఇంజనీరు అబ్బాయి, 85 కిలోలు ఉంటాడు, అలాగే అరిచి ట్యాప్ చేశాడు. తప్పని తెలిసినా చాలా సంతోషించాను.

ట్యాప్ గురించి కూడా రాయండి సార్, మీ వ్యాసంలో ఆ మాటే లేదు. ఇప్పుడున్న చోట కాదు, అంతకుముందు నేను చేరిన ఒక జిమ్‌లో (పేరు వద్దు) మూడో రోజే నన్ను ఒక పెద్దమనిషితో జోడీ వేశారు. మెడ పట్టాడు, నా చేతులు ఇరుక్కుపోయాయి, కాలితో నేలని కొట్టాను. కాలితో కొట్టినా ట్యాపే, నోటితో అన్నా ట్యాపే, ఆయనకది ఎవరూ చెప్పలేదు. చేత్తో కొట్టలేదు కదా అని పట్టు వదల్లేదు. చూపు చీకటైంది. లేచాక అక్కడి కోచ్ ‘రిలాక్స్ మేడమ్, అలవాటవుతుంది’ అన్నాడు. దేనికి అలవాటు పడాలో నాకిప్పటికీ తెలియదు. ఆ పెనుగులాటలో పక్కటెముక దగ్గర పట్టేసి ఆరు వారాలు తుమ్మితే ఏడుపొచ్చేది. అలాంటి చోట్లకి మీ వ్యాసం చదివిన ఆడపిల్లలు ఉత్సాహంగా వెళ్తారు, బరువుతో పని లేదు అని నమ్మి. మొదటి రోజు కోచ్‌ని అడగాల్సిన ప్రశ్న ఫీజు ఎంత అని కాదు, నన్ను ఎవరితో జోడీ వేస్తారు, నేను కాలితో కొడితే వదులుతారా అని.

పెద్దవాళ్లతో ఆడొద్దని నేననడం లేదు. ఆడకపోతే ఏమీ రాదు. నాలాంటి 53 కిలోల మనిషితోనే రోజూ చేస్తే నాకు టెక్నిక్ వచ్చేసిందన్న భ్రమ వస్తుంది, అది రాకపోవడం కంటే ప్రమాదం. కానీ ఆ పెద్దవాడికి తన బరువు ఎంతో తెలిసి ఉండాలి, ఎప్పుడు వేయాలో ఎప్పుడు వేయకూడదో. మాండ్య అబ్బాయి మొదట్లో నా కోసం సగం బలంతోనే పట్టేవాడు, నాకు పట్టు చిక్కేకొద్దీ పెంచుతూ వచ్చాడు. ఇప్పుడు ‘అక్కా, ఇవత్తు బిడల్ల’ అంటాడు, ఇవాళ వదలను అని. నేను తెలుగులో తిడతాను, అతనికి అర్థమవుతుంది, బెంగళూరులో ఉన్న సుఖం అదే.

రోడ్డు మీద ఎవరైనా నిజంగా వెనక నుంచి పట్టుకుంటే ఇవన్నీ పనిచేస్తాయా అని మా ఆయన అడుగుతుంటాడు. నిలబడి ఉన్నప్పుడు కథ వేరు, కింద మ్యాట్ ఉండదు, తారురోడ్డు ఉంటుంది, అతనితో వేరే వాళ్లు ఉండొచ్చు. ముందు అరవాలి, వదిలించుకుంటే పరిగెత్తాలి. అయితే మెడ మీదికి వచ్చిన చేతిని రెండు చేతులతో కిందికి లాగడం, గడ్డం ఆ మోచేతి మడత వైపు తిప్పడం, మోకాళ్లు వంచి నడుము దించడం, ఇవి అక్కడా పనికొస్తాయి. కాలు తొక్కడం వద్దనను, మొదటి రెండు పనులూ అయ్యాక తొక్కండి. మా అమ్మాయి పదో తరగతి, దానికి నేను నేర్పింది ఇంతే, ‘ముందు మెడ, తర్వాత తిట్లు’. అది కాస్తా నా మీదే ప్రయోగించి వంటింట్లో గిన్నెలు పడేసింది.

కాబట్టి నా మనవి ఏమిటంటే, ఆ నాలుగు ఫొటోలకి సవరణ వేయండి, కనీసం ఆ కింద రాసిన మాటకైనా. కొత్త ఫొటోలు కావాలంటే శనివారం సాయంత్రం ఆరున్నర తర్వాత మేం మ్యాట్ మీదే ఉంటాం, మాండ్య అబ్బాయికి చెప్పాను, ఫొటో అనేసరికి గడ్డం ట్రిమ్ చేయించుకుంటానన్నాడు. నేను బయటపడలేకపోతే అది కూడా వేయండి. మీ ఫొటోగ్రాఫర్‌కి గానీ ఆ వ్యాసం రాసిన వారికి గానీ సరదా ఉంటే వాళ్లనే వెనక నుంచి పట్టుకుని చూడమంటాను, నాకేం అభ్యంతరం లేదు. గోళ్లు మాత్రం కత్తిరించుకుని రావాలి, ఉంగరం తీసేయాలి, జిప్పు ఉన్న ప్యాంటు వద్దు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజాజీనగర్, బెంగళూరు